కోడ్ ఎడిటర్‌లో ప్లగిన్: యాభై ఏళ్ల చరిత్ర, అందులో మన చోటు



మన గ్రూపులో చరిత్ర అంటే ఎక్కువగా పోరాటాల చరిత్రే రాస్తుంటాం. జోడేఘాట్ గురించి, మన్యం పితూరీల గురించి, బిర్సా ముండా ఉల్గులాన్ గురించి పెద్ద పెద్ద పోస్టులు వచ్చాయి. అవి రాయాల్సిందే, చదవాల్సిందే. ఈసారి మేము వేరే చరిత్ర తీసుకున్నాం. మనలో చాలామంది ఇప్పుడు బీటెక్, బీఎస్సీ కంప్యూటర్స్, డిప్లొమా చదువుతున్నాం. మా హాస్టల్లో ఉన్నోళ్లలో ఎక్కువమందిమి మా ఇళ్లల్లో మొట్టమొదట కాలేజీ మెట్లెక్కినోళ్లమే. రోజూ చేతిలో పట్టుకునే పనిముట్టు ఎక్కడినుంచి వచ్చిందో తెలియకుండానే దాంతో పని చేస్తున్నాం. మన తాతలకు గొడ్డలి పిడి ఏ కర్రతో చెయ్యాలో తెలుసు, విల్లుకు ఏ వెదురు పనికొస్తదో తెలుసు. మన పనిముట్టు సంగతి మనకూ తెలియాలి గదా!

ల్యాబ్‌లో మొదటివారమే ఒక మాట వినపడుతుంది: "ఎడిటర్ ఓపెన్ చేసి, పైథాన్ ఎక్స్‌టెన్షన్ ఇన్‌స్టాల్ చేసుకోండి." సారు ఆ మాట అని ముందుకు వెళ్లిపోతారు. ఇంట్లో కంప్యూటర్ ఉన్న పిల్లలు రెండు నిమిషాల్లో వేసేసుకుంటారు. మిగతావాళ్లు పక్కవాళ్ల స్క్రీన్ చూసి నొక్కుతారు. ఏం వేసుకున్నామో, ఎందుకు వేసుకున్నామో, అది పనిచేస్తుందో లేదో ఎట్లా తెలుస్తుందో ఎవరూ చెప్పరు. అందుకే ఈ పోస్టు.

ముందు మాటలు సరిచూసుకుందాం. కోడ్ రాయడానికి, నడపడానికి, తప్పులు వెతకడానికి అన్నీ ఒకేచోట ఉండే సాఫ్ట్‌వేర్‌ను ఐడీఈ అంటారు. ఎక్లిప్స్, ఆండ్రాయిడ్ స్టూడియో, విజువల్ స్టూడియో అట్లాంటివి. వీఎస్ కోడ్ అసలు ఎడిటరే, ప్లగిన్లు వేసుకుంటే ఐడీఈ అంత పని చేస్తుంది. దాన్ని తయారుచేసినవాళ్లు పెట్టని పనిని బయటివాళ్లు రాసి అందులో కలిపే చిన్న ప్రోగ్రామే ప్లగిన్. కొన్నిచోట్ల ఎక్స్‌టెన్షన్ అంటారు, కొన్నిచోట్ల యాడ్-ఇన్ అంటారు. పేర్లు వేరైనా సంగతి ఒకటే.

మేము చెప్పదలచుకున్నది ఒక్కటే. ఈ యాభై ఏళ్లలో ప్లగిన్ అనే దారిని బాగా వాడుకున్నోళ్లలో ముందున్నది ఎవరంటే, అసలు సాఫ్ట్‌వేర్ చేసినవాళ్లు లెక్కలోకి తీసుకోని మనుషులు. ఆ లెక్కలోకి రానివాళ్లలో మనమూ ఉన్నాం.

1. అందరూ తలోరకంగా రాసుకున్న రోజులు (1976)

అమెరికాలో ఎంఐటీ అనే విద్యాసంస్థలో కృత్రిమ మేధ ప్రయోగశాల ఉండేది. అక్కడివాళ్లు టెకో అనే ఎడిటర్ వాడేవాళ్లు. దాంట్లో ఆదేశాలన్నీ పొట్టి పొట్టి అక్షరాలు. ఒకే పనిని మళ్లీ మళ్లీ చెయ్యలేక ఎవరికివాళ్లు కొన్ని ఆదేశాలను మూటగట్టి పెట్టుకున్నారు. ఆ మూటలను మాక్రోలు అంటారు. కొన్నాళ్లకు ప్రయోగశాలలో ఒక్కొక్కరి ఎడిటర్ ఒక్కో తీరుగా తయారైంది. ఒకరి దగ్గర కూర్చుంటే ఇంకొకరికి చెయ్యి ఆడదు.

ఈ మాక్రోలన్నిటినీ ఒకదారికి తెచ్చే పని గై స్టీల్ మొదలుపెట్టగా, రిచర్డ్ స్టాల్‌మన్ దాన్ని పూర్తి చేశాడు. అట్లా 1976లో వచ్చిందే ఈమ్యాక్స్. ఎడిటింగ్ మాక్రోస్ అనే మాటలను కుదిస్తే వచ్చిన పేరు అది. అంటే ఆ ఎడిటర్ పుట్టుకే బయటినుంచి కలిపిన ముక్కలతో జరిగింది.

తర్వాత 1985లో స్టాల్‌మన్ జీఎన్‌యూ ఈమ్యాక్స్ విడుదల చేశాడు. అందులో లిస్ప్ అనే భాష లోపలే ఉంటుంది. వాడేవాళ్లు ఆ భాషలో నాలుగు వరుసలు రాస్తే ఎడిటర్ నడక మారిపోతుంది. ఎడిటర్ ఆపాల్సిన పనిలేదు, చేసినవాళ్ల అనుమతీ అక్కర్లేదు.

అప్పట్లో ఇన్‌స్టాల్ అంటే ఏం లేదు, ఎవరో ఇచ్చిన ఫైల్‌ను ఒక ఫోల్డర్‌లో పెట్టుకుని, ఎడిటర్ మొదలయ్యేటప్పుడు చదివే ఫైల్‌లో "దీన్ని కూడా తీసుకో" అని ఒక వరుస రాయడమే. బటన్ నొక్కితే దిగుమతి అయ్యే ఏర్పాటు ఈమ్యాక్స్‌లో భాగమైంది 2012లో, 24వ వెర్షన్‌తో. దానికి ముందంతా ఒకరి నుంచి ఒకరికి చేతులు మారిన ఫైళ్లే. మనం పెన్‌డ్రైవ్‌లో పెట్టుకుని రూము రూముకు తిప్పుతున్నట్టే అనుకోండి.

2. చూపు లేని మనిషి రాసుకున్న ప్లగిన్ (1995)

ఈ చరిత్రలో మాకు అన్నిటికంటే నచ్చిన ఘట్టం ఇది.

టి.వి. రామన్ పుణెలో పెరిగిన మనిషి. గ్లాకోమా వల్ల పద్నాలుగేళ్ల వయసులో చూపు పోయింది. గణితం చదివాడు, ఐఐటీ బొంబాయిలో కంప్యూటర్ సైన్స్ చేశాడు, అమెరికాలోని కార్నెల్ విశ్వవిద్యాలయంలో 1994లో డాక్టరేట్ తీసుకున్నాడు. గణిత సమీకరణాలున్న పుస్తకాలను కంప్యూటర్ గొంతుతో అర్థమయ్యేటట్టు చదివించడమే ఆయన పరిశోధన.

చూపు లేనివాళ్లకు అప్పటికే స్క్రీన్ రీడర్లు ఉన్నాయి. తెర మీద ఏ అక్షరాలు ఉంటే అవి చదివి వినిపిస్తాయి. అయితే కోడ్ రాసేవాళ్లకు అది చాలదు. ఈ బ్రాకెట్ ఏ బ్రాకెట్‌కు జత, ఈ వరుస కామెంటా, అసలు కోడా, ఇవన్నీ చూపున్నవాళ్లకు రంగుల్లో కనపడతాయి. వినేవాళ్లకు ఆ తేడా ఎట్లా తెలుస్తుంది?

రామన్ 1995లో ఈమ్యాక్‌స్పీక్ విడుదల చేశాడు. ఈమ్యాక్స్ అసలు కోడ్‌లో ఆయన ఒక్క వరుస కూడా మార్చలేదు. ఈమ్యాక్స్‌లో ఒక సదుపాయం ఉంది. ఉన్న ఆదేశం చుట్టూ మన పనిని చుట్టొచ్చు. కర్సర్ కిందికి దిగే ఆదేశం నడిచిందంటే, వెంటనే ఆ వరుసను చదివే పని కూడా జరుగుతుంది. కామెంట్‌కు ఒక గొంతు, కోడ్‌కు ఇంకో గొంతు. రంగుల బదులు గొంతులు పెట్టాడు.

ఈమ్యాక్స్ చేసినవాళ్లు చూపు లేనివాళ్లను మనసులో పెట్టుకుని దాన్ని చెయ్యలేదు. బయటివాళ్లు కలపడానికి చోటు మాత్రం వదిలారు. ఆ చోటు ఉండబట్టే ఆయన ఎవరినీ అడుక్కోకుండా తన ఎడిటర్ తాను చేసుకున్నాడు, అట్లాంటి వేరేవాళ్లకూ ఇచ్చాడు.

3. ప్రాగ్ విద్యార్థులు, ఎక్లిప్స్ రెండో కిటికీ (1996 నుంచి 2004)

1996లో ప్రాగ్ నగరంలోని చార్లెస్ విశ్వవిద్యాలయంలో కొందరు విద్యార్థులు జావా కోసం ఒక ఐడీఈ చెయ్యడం మొదలుపెట్టారు. దాని పేరు జెల్ఫీ. అప్పుడు పేరున్న డెల్ఫీ అనే సాఫ్ట్‌వేర్ పేరు మీద సరదాగా పెట్టుకున్న పేరు. అదే తర్వాత నెట్‌బీన్స్ అయింది. 1999లో సన్ మైక్రోసిస్టమ్స్ కొన్నది, 2000లో కోడ్ అందరికీ తెరిచింది. మన డిప్లొమా ల్యాబుల్లో ఇప్పటికీ కొన్నిచోట్ల కనపడే నెట్‌బీన్స్ ఒక స్టూడెంట్ ప్రాజెక్టుగా మొదలైందన్న మాట. ప్రాజెక్టు అంటే రికార్డు నింపడమే అనుకునే మాలాంటోళ్లు ఇది గుర్తుపెట్టుకోవాలి.

2001 నవంబర్‌లో ఐబీఎం ఎక్లిప్స్ కోడ్‌ను బయటపెట్టింది. దాని విలువ 4 కోట్ల డాలర్లు అని ఐబీఎం చెప్పుకుంది. 2004లో దాన్ని చూసుకోవడానికి ఎక్లిప్స్ ఫౌండేషన్ ఏర్పడింది. ఎక్లిప్స్ ప్రత్యేకత ఏమిటంటే, అందులో ప్లగిన్ కానిది దాదాపు ఏమీ లేదు. మధ్యలో చిన్న మూలం ఉంటుంది, జావా రాసే భాగం కూడా ఒక ప్లగిన్లగుంపే. బయటివాళ్ల ప్లగిన్ ఎట్లా అతుక్కుంటుందో, కంపెనీవాళ్లదీ అట్లాగే అతుక్కుంటుంది.

ఇక్కడ లోపలి పని కొంచెం చెప్పుకోవాలి. ప్రతి ప్లగిన్ తనతో ఒక చిన్న ఫైల్ తెచ్చుకుంటుంది. అందులో "నా పేరు ఇది, నాకు ఫలానా ప్లగిన్లు కావాలి, నేను ఫలానా మెనూలో ఒక బటన్ కలుపుతాను" అని రాసి ఉంటుంది. ఐడీఈ మొదలయ్యేటప్పుడు ఈ ఫైల్ మాత్రమే చదువుతుంది. అసలు కోడ్‌ను ఆ బటన్ నొక్కినప్పుడే లేపుతుంది. వంద ప్లగిన్లున్నా మొదట్లోనే అన్నీ లేచి కూర్చోకుండా ఈ ఏర్పాటు. తక్కువ మెమరీ ఉన్న పాత కంప్యూటర్లతో పనిచేసే మనకు ఇది పెద్ద విషయం.

మొదట్లో ఎక్లిప్స్‌లో ఇన్‌స్టాల్ అంటే ఫైల్ తెచ్చి ప్లగిన్స్ అనే ఫోల్డర్‌లో వేసి రీస్టార్ట్ చెయ్యడం. తర్వాత మెనూలో ఒక చిరునామా ఇస్తే అదే తెచ్చుకునే పద్ధతి వచ్చింది. ఆండ్రాయిడ్ యాప్‌లు రాసిన మొదటి తరం మొత్తం ఇట్లాగే ఎక్లిప్స్‌లో గూగుల్ ఇచ్చిన ప్లగిన్ వేసుకుని రాసింది. 2013లో ఆండ్రాయిడ్ స్టూడియో ప్రకటించాక ఆ ప్లగిన్ కాలం మెల్లగా ముగిసింది.

ఇక టెస్ట్ సంగతి. ప్లగిన్ రాసేవాళ్లకు ఒక చిక్కు ఉంది. మీరు రాస్తున్న ప్లగిన్ నడవాల్సింది ఐడీఈ లోపల. మీరు రాస్తున్నదీ ఐడీఈ లోపలే. అది చెడిపోతే మీరు కూర్చున్న కొమ్మే విరుగుతుంది. ఎక్లిప్స్ దీనికి చేసిన ఉపాయం రెండో కిటికీ. మొదటి ఎక్లిప్స్‌లో ప్లగిన్ రాసి రన్ నొక్కితే, పక్కన ఇంకో ఎక్లిప్స్ లేస్తుంది. కొత్త ప్లగిన్ అందులోనే ఉంటుంది. అది కూలిపోయినా మొదటిదానికి ఏం కాదు. ఇప్పుడు వీఎస్ కోడ్‌లో ప్లగిన్ రాసి ఎఫ్5 నొక్కితే లేచే రెండో విండో కూడా ఇదే పద్ధతి.

ఈ రెంటికీ మధ్య ఒక మనిషి ఉన్నాడు. ఎరిక్ గామా అనే స్విట్జర్లాండ్ ఇంజినీర్. 1997లో జ్యూరిక్ నుంచి అట్లాంటా వెళ్లే విమానంలో కూర్చుని కెంట్ బెక్‌తో కలిసి జేయూనిట్ మొదలుపెట్టాడు. జావా కోడ్ సరిగ్గా నడుస్తుందో లేదో కోడ్‌తోనే పరీక్షించే చిన్న సాధనం అది. తర్వాత ఎక్లిప్స్‌లో జావా భాగానికి నాయకత్వం వహించింది ఆయనే. 2011లో మైక్రోసాఫ్ట్‌లో చేరి, వీఎస్ కోడ్‌గా మారిన పనిని నడిపించిందీ ఆయనే. ఒక చోట నేర్చుకున్నది ఇంకో చోటికి ఎట్లా పోతుందో చూడండి.

4. ఉచితంగా ఇచ్చారు, చోటు మాత్రం మూశారు (2005 నుంచి 2014)

ఈ చరిత్ర అంతా మంచిగానే సాగలేదు. 2005లో మైక్రోసాఫ్ట్ తన విజువల్ స్టూడియోకు ఎక్స్‌ప్రెస్ అనే చిన్న ఎడిషన్లు తెచ్చింది. విద్యార్థులకు, నేర్చుకునేవాళ్లకు ఉచితం. కానీ వాటిలో బయటి ప్లగిన్లు వేసుకునే దారి లేదు. అది కావాలంటే డబ్బు పెట్టి పెద్ద ఎడిషన్ కొనాలి.

బ్రిటన్‌కు చెందిన జేమీ కాన్స్‌డేల్ అనే ప్రోగ్రామర్ టెస్ట్‌డ్రివెన్ డాట్‌నెట్ అనే ప్లగిన్ రాశాడు. కోడ్ మీద కుడి బటన్ నొక్కి టెస్టులు నడిపే ప్లగిన్ అది. దాన్ని ఉచిత ఎక్స్‌ప్రెస్‌లో కూడా పనిచేసేటట్టు చేశాడు. మైక్రోసాఫ్ట్ ఒప్పుకోలేదు. లైసెన్స్ నిబంధనలకు విరుద్ధం అన్నది, 2007 నాటికి వ్యవహారం లాయర్ల ఉత్తరాల దాకా పోయింది.

ఇందులో ఎవరు ఎంత తప్పు అనే చర్చ ఇక్కడ వద్దు. మనం గమనించాల్సింది ఒకటుంది. సాఫ్ట్‌వేర్ ఉచితంగా చేతికి రావడం వేరు, దాన్ని మనకు తగ్గట్టు మార్చుకునే హక్కు రావడం వేరు. భూమి దున్నుకోనిచ్చి పట్టా ఇవ్వకపోతే ఎట్లుంటదో మన ఊళ్లల్లో అందరికీ తెలుసు.

2014 నవంబర్‌లో మైక్రోసాఫ్ట్ విజువల్ స్టూడియో కమ్యూనిటీ అనే ఎడిషన్ తెచ్చింది. విద్యార్థులకు ఉచితం, ప్లగిన్లు కూడా వేసుకోవచ్చు. తొమ్మిదేళ్లకు ఆ చోటు తెరుచుకుంది.

5. వీఎస్ కోడ్, ఒక ఒప్పందం (2015, 2016)

2015 ఏప్రిల్‌లో వీఎస్ కోడ్‌ను ప్రకటించారు. అదే ఏడాది నవంబర్‌లో కోడ్ అందరికీ తెరిచారు, ఎక్స్‌టెన్షన్లు వేసుకునే ఏర్పాటు కూడా వచ్చింది. ఇందులో ఎక్స్‌టెన్షన్లు ఎడిటర్‌తోపాటు కాకుండా పక్కన వేరే ప్రాసెస్‌లో నడుస్తాయి. ఒక ఎక్స్‌టెన్షన్ ఇరుక్కుపోయినా మీరు టైప్ చేస్తున్నది ఆగదు.

2016 జూన్‌లో ఇంకో పెద్ద మార్పు జరిగింది. మైక్రోసాఫ్ట్, రెడ్ హ్యాట్, కోడెన్వీ కలిసి లాంగ్వేజ్ సర్వర్ ప్రోటోకాల్ అనే ఒప్పందాన్ని ప్రకటించాయి. అంతకుముందు లెక్క ఇట్లా ఉండేది. 10 ఎడిటర్లు, 20 భాషలు ఉన్నాయనుకోండి. ప్రతి ఎడిటర్‌కూ ప్రతి భాషకూ వేరే ప్లగిన్ రాయాలి, మొత్తం 200. ఒప్పందం వచ్చాక భాష తెలిసిన ప్రోగ్రామ్ ఒకటి వేరుగా ఉంటుంది, దాన్ని సర్వర్ అంటారు. ఎడిటర్ దాన్ని "ఈ వరుసలో, ఈ అక్షరం దగ్గర ఏముంది?" అని అడుగుతుంది. సర్వర్ జవాబు చెబుతుంది. అప్పుడు 20 సర్వర్లు, 10 ఎడిటర్లకు తలో ముక్క, మొత్తం 30 చాలు. అందుకే ఈరోజు ఈమ్యాక్స్‌లో, విమ్‌లో, వీఎస్ కోడ్‌లో ఒకే భాషకు ఒకే సర్వర్ పనిచేస్తుంది.

"ఈ వరుసలో, ఈ అక్షరం దగ్గర" అన్న మాట దగ్గర ఆగండి. మన కథ అక్కడే మొదలవుతుంది.

6. గోండి అక్షరం పెట్టిన పరీక్ష

యూనికోడ్ అంటే ప్రపంచంలోని అక్షరాలన్నిటికీ నంబర్లు ఇచ్చే పట్టిక. 1991లో మొదటి వెర్షన్ వచ్చింది. అప్పటి ఆలోచన ప్రకారం 65,536 స్థానాలు చాలు. తెలుగు ఆ మొదటి వెర్షన్‌లోనే ఉంది. స్థానాలు చాలవని తెలిశాక 1996లో వెర్షన్ 2.0తో అదనపు ప్రాంతం ఏర్పాటు చేశారు. మొదటి ప్రాంతంలోని అక్షరానికి ఒక గది. అదనపు ప్రాంతంలోని అక్షరానికి రెండు గదులు జత చెయ్యాలి. జావా, జావాస్క్రిప్ట్ రెండూ ఈ గదుల లెక్కతోనే పనిచేస్తాయి.

ఇప్పుడు మన లిపుల సంగతి. సంతాలీల ఓల్ చికీ 2008లో చేరింది, దానికి మొదటి ప్రాంతంలోనే చోటు దొరికింది. సవరల సోరా సోంపెంగ్ లిపి 2012లో చేరింది, అదనపు ప్రాంతంలో. మధ్యప్రదేశ్ బాలాఘాట్‌కు చెందిన మున్షీ మంగళ్ సింగ్ మసారం 1918లో చేసిన గోండి లిపి 2017లో చేరింది, అదనపు ప్రాంతంలో. మన ఆదిలాబాద్ జిల్లా నార్నూర్ మండలం గుంజాల ఊళ్లో దొరికిన చేతిరాత ప్రతుల లిపి గుంజాల గోండి. ప్రొఫెసర్ జయధీర్ తిరుమలరావు గారి లాంటివాళ్ల కృషితో వెలుగులోకి వచ్చింది. అది 2018లో యూనికోడ్ 11తో చేరింది. అదీ అదనపు ప్రాంతంలోనే. ముందు వచ్చినవాళ్లకు ఊరి నడుమ, ఆలస్యంగా వచ్చినవాళ్లకు ఊరి బయట. కావాలని చేసింది కాదు, ఖాళీ ఉన్నచోట ఇచ్చారు. ఫలితం మాత్రం మన మీద పడుతుంది.

ఎట్లా అంటే, కోడ్‌లో కొటేషన్ల మధ్య ఐదు గుంజాల గోండి అక్షరాలు రాశామనుకోండి. అదే వరుసలో ఆ తర్వాత ఒక తప్పు ఉంది. ఎడిటర్ గదుల లెక్కలో ఆ ఐదు అక్షరాలు 10. భాషా సర్వర్ రాసినవాళ్లు అక్షరాల లెక్క వేసుకుని 5 అనుకుంటే, ఎర్ర గీత తప్పు ఉన్న మాట కింద పడదు, 5 స్థానాలు ఎడమకు జరిగి పడుతుంది. తెలుగు అక్షరాలతో పరీక్షిస్తే ఈ లోపం బయటపడదు. తెలుగులో ఒక్కో గుర్తుకు ఒకే గది కాబట్టి 5కు 5 సరిపోతుంది. ఇంగ్లీషుతో పరీక్షిస్తే అసలే బయటపడదు. గోండి పెట్టి చూస్తేనే బయటపడుతుంది.

ఇది ఊహ కాదు. ఆ ఒప్పందం మొదటినుంచీ గదుల లెక్కే వాడమన్నది, చాలా భాషలు వేరే లెక్క వాడుతాయి. ఎన్నో సర్వర్లు ఇక్కడ తికమకపడ్డాయి. 2022లో వచ్చిన 3.17 వెర్షన్‌లో ఎడిటర్, సర్వర్ ముందే మాట్లాడుకుని ఏ లెక్క వాడాలో తేల్చుకునే వీలు పెట్టారు. ఒకే లెక్క అందరికీ సరిపోతుందనుకున్న ఒప్పందాన్ని ఆరేళ్లకు సవరించాల్సి వచ్చింది.

తెలుగుకు కూడా తన పరీక్ష ఉంది. "స్త్రీ" అని రాయండి. కంటికి ఒక్కటే అక్షరం. యంత్రానికి స, పొల్లు, త, పొల్లు, ర, దీర్ఘం, మొత్తం ఆరు గుర్తులు. దాన్ని దాటడానికి కర్సర్ ఎన్నిసార్లు జరుగుతుంది, బ్యాక్‌స్పేస్ నొక్కితే ఎంత పోతుంది, ఎడిటర్ ఎడిటర్‌కూ మారుతుంది. ప్లగిన్ అక్షరాలు లెక్కపెట్టేదైతే ఈ మాట తప్పకుండా పెట్టి చూడాలి.

7. మన పరిస్థితుల్లో ఇన్‌స్టాల్, టెస్ట్

చరిత్ర నుంచి పనికి వద్దాం. మేము వీఎస్ కోడ్ ఆధారంగా చెబుతున్నాం, ఎక్కువమంది వాడేది అదే కాబట్టి.

అడ్మిన్ పాస్‌వర్డ్ లేదా? విండోస్‌లో యూజర్ సెటప్ అనే ఇన్‌స్టాలర్ ఉంది, దానికి అడ్మిన్ అక్కర్లేదు. జిప్ ఫైల్ విప్పి, అందులో డేటా అనే ఫోల్డర్ పెడితే ఎడిటర్, ఎక్స్‌టెన్షన్లు, సెట్టింగులు అన్నీ ఆ ఒక్క ఫోల్డర్‌లోనే ఉంటాయి. పెన్‌డ్రైవ్‌లో మోసుకుపోవచ్చు. ల్యాబ్ కంప్యూటర్ అయితే సారును అడిగే చెయ్యండి.

నెట్ సరిగ్గా రాదా? ప్రతి ఎక్స్‌టెన్షన్ చివరికి ఒక ఫైలే, దాన్ని విసిక్స్ ఫైల్ అంటారు. నెట్ ఉన్నచోట ఒకరు దింపుకుని, మిగతావాళ్లు ఎక్స్‌టెన్షన్ల మెనూలో "విసిక్స్ నుంచి ఇన్‌స్టాల్" అనే దాన్ని ఎంచుకుంటే చాలు. ఎక్లిప్స్ ఫౌండేషన్ నడిపే ఓపెన్ వీఎస్‌ఎక్స్ అనే చోట కూడా చాలా ఎక్స్‌టెన్షన్లు దొరుకుతాయి. ఒక్క జాగ్రత్త. కొన్ని ఎక్స్‌టెన్షన్లు మొదటిసారి నడిచేటప్పుడు ఇంకా కొన్ని ఫైళ్లు నెట్ నుంచి తెచ్చుకుంటాయి. కాబట్టి నెట్ ఉన్నప్పుడే ఒకసారి నడిపి చూసుకోవాలి.

వేసుకునే ముందు చూడాల్సింది: ఎవరు రాశారు, ఎన్నాళ్ల కింద మార్చారు, పేరులో ఒక అక్షరం తేడాతో నకిలీ ఏమైనా ఉందా. ఎక్స్‌టెన్షన్ వేరే ప్రాసెస్‌లో నడిచినా, కంప్యూటర్‌లో మీకున్న హక్కులన్నీ దానికీ ఉంటాయి. మీ ఫైళ్లు చదవగలదు, నెట్‌కు పంపగలదు. స్కాలర్‌షిప్ కాగితాలు, ఆధార్ స్కాన్‌లు ఉన్న కంప్యూటర్‌లో తెలియని ఎక్స్‌టెన్షన్ వెయ్యకండి.

వేసుకున్నాక పరీక్ష. ఒక ఫోల్డర్ చేసి అందులో నాలుగు ఫైళ్లు పెట్టండి. మొదటిది సరైన కోడ్, దానిమీద ఏ ఎర్ర గీతా రాకూడదు. రెండోది కావాలని ఒక తప్పు పెట్టిన కోడ్, సరిగ్గా ఆ మాట కిందే గీత రావాలి. మూడోది ఖాళీ ఫైల్, దాన్ని తెరిస్తే ఏదీ కూలిపోకూడదు. నాలుగోది తెలుగు, గోండి అక్షరాలున్న కోడ్, వాటి తర్వాత ఒక తప్పు. తర్వాత ఎక్స్‌టెన్షన్‌ను ఆపేసి మళ్లీ చూడండి. ఆపినా అదే జరుగుతుంటే ఆ పని చేస్తున్నది వేరే ఎక్స్‌టెన్షన్ అన్నమాట.

చాలా ఎక్స్‌టెన్షన్లు వేసుకుని ఏది గోల చేస్తుందో తెలియకపోతే, వీఎస్ కోడ్‌లో ఎక్స్‌టెన్షన్ బైసెక్ట్ అనే ఆదేశం ఉంది. సగం ఎక్స్‌టెన్షన్లు ఆపి "ఇప్పుడు బాగుందా?" అని అడుగుతుంది. మీ జవాబును బట్టి మిగిలినవాటిలో మళ్లీ సగం చేస్తుంది. 16 ఎక్స్‌టెన్షన్లు ఉన్నా నాలుగైదు ప్రశ్నల్లో దొంగ దొరికిపోతుంది.

8. చివరగా

ఈమ్యాక్స్‌లో చోటు ఉండబట్టి రామన్ తన గొంతును అందులో పెట్టుకోగలిగాడు. ఎక్స్‌ప్రెస్‌లో చోటు మూసేయడం వల్ల విద్యార్థులు తొమ్మిదేళ్లు ఆగారు. ఇప్పుడు చోటు తెరిచి ఉంది. లోపలికి పోవడానికి సిటీలో పుట్టాల్సిన పనిలేదు, ఇంగ్లీషు గడగడా మాట్లాడాల్సిన పనీ లేదు. ఒక ఫైల్ ఎక్కడ పెట్టాలో, పెట్టాక ఏం చూడాలో తెలిస్తే మొదలుపెట్టొచ్చు. ఇంకో మాట కూడా నిజం. గోండి, సవర, కోయ మాట్లాడే పిల్లలు టెస్ట్ చెయ్యకపోతే ఆ లిపుల్లో, ఆ మాటల్లో వచ్చే లోపాలు ఎవరికీ కనపడవు. పెద్ద కంపెనీలో కూర్చున్న ఇంజినీర్‌కు గుంజాల ఎక్కడుందో తెలియదు. మనకు తెలుసు.

అందుకే గ్రూపు తరఫున ఒక పని అనుకుంటున్నాం. పైన చెప్పిన నాలుగో ఫైల్‌ను అందరం కలిసి తయారుచేద్దాం. గుంజాల గోండి చదవడం వచ్చినవాళ్లు పది మాటలు ఇవ్వండి, సవర అన్నలు సోరా సోంపెంగ్‌లో పది ఇవ్వండి, కోయ, లంబాడీ మిత్రులు తెలుగు లిపిలో రాసే మీ మాటల్లో కష్టమైనవి పది ఇవ్వండి. గూగుల్ వాళ్ల నోటో ఫాంట్లలో గుంజాల గోండికి, మసారం గోండికి ఫాంట్లు ఉచితంగా ఉన్నాయి, అవి ముందు వేసుకుంటే అక్షరాల బదులు డబ్బాలు కనపడవు. ఫైల్ సిద్ధమయ్యాక ఒక్కొక్కరం మనం వాడే ఒక్కో ఎక్స్‌టెన్షన్ మీద నడిపి చూద్దాం. ఎక్కడ గీత పక్కకు జరిగిందో రాసి, దాన్ని చేసినవాళ్లకు పంపుదాం. మనకు కోడ్ సరిదిద్దడం వస్తే అదీ పంపుదాం.

మొదటి పది గోండి మాటలు మా హాస్టల్ నుంచి ఈ ఆదివారం పెడతాం.

జోహార్.